మిశ్రచాపు కుచ్చిళ్ళు
పడుగూ పేకా: నేత చీరల మీద పాఠకుల ప్రశ్నలకు బరంపురం నుంచి జవాబులు

ప్రశ్న: పిన్నిగారూ, మా అమ్మాయి చిన్నప్పట్నుంచీ కూచిపూడి నేర్చుకుంటోంది. ఉండేది రాయగడలో కాబట్టి ఒడిస్సీ కూడా కొంత వచ్చు. వచ్చే మాఘంలో రంగప్రవేశం. బజారులో కుట్టి పెట్టిన డ్రెస్సు వద్దట, తాళాన్ని చీరలోనే నేయించాలట. మా అత్తవారిది పొందూరు పక్క, నా పుట్టిల్లు బరంపురం. అందుకని పొందూరు నూలు, బరంపురం పట్టు కలిపి, మూడూ నాలుగూ కలిసి ఏడు లెక్కల తాళమైన మిశ్రచాపులో చారలు వేయిద్దామనుకున్నాం. నేసే ఆయన "మూడుకి ముప్పై పేకలు, నాలుక్కి నలభై పేకలు వేసేస్తానమ్మా, ఏముంది" అన్నాడు. సరిపోతుందా? రంగులేం పెట్టమంటారు? (ఒక తల్లి, రాయగడ)

జవాబు: సరిపోదమ్మా. ఈ లెక్క పట్టుకెళ్ళి ఆయన ముందు పెట్టు. మీరు ఎంచుకున్న నూలు కాస్త లావుదైతే అంగుళానికి 56 పేకలు పడ్డాయనుకో. పట్టు సన్నం, అదే అంగుళంలో 84 దాకా పడతాయి. ఆయన చెప్పినట్టు నూలు 30, పట్టు 40 వేస్తే నూలు చార అర అంగుళం దాటిపోతుంది, పట్టు చార అర అంగుళానికి కూడా రాదు. మూడక్షరాల తకిట వెడల్పు, నాలుగక్షరాల తకధిమి ఇరుకు! చూసే గురువుగారు మొహమాటానికి ఏమీ అనకపోవచ్చు గానీ, లోపల నవ్వుకుంటారు.

ముందు కొలత అంగుళాల్లో కట్టుకుని, తర్వాత పేకల్లోకి దింపాలి. అక్షరానికి, అంటే తాళంలో ఒక్కో లెక్కకి, అర అంగుళం పెట్టుకోండి. తకిటకి అంగుళమున్నర నూలు, తకధిమికి రెండంగుళాల పట్టు. పై లెక్కనే అయితే నూలు 84 పేకలు, పట్టు 168. చూశావా, మూడూ నాలుగూ అన్నది మగ్గం మీదికి వచ్చేసరికి ఒకటికి రెండు అయింది. మీ నూలు నంబరు వేరైతే అంకెలు మారతాయి, పద్ధతి మారదు. అందుకే ఆయన చేత ముందు జానెడు గుడ్డ నేయించి, అంగుళానికి ఎన్ని పడుతున్నాయో భూతద్దం పెట్టి లెక్కపెట్టించు. అర అంగుళం అని ఎందుకంటున్నానంటే, అంతకన్నా బాగా తగ్గిస్తే సన్నబడిన చార వేదిక మీద వెనక వరసలకి ఆనదు, రెండూ కలిసిపోయి మూడో రంగేదో అనిపిస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. పేకతో వేసిన చార మగ్గం మీద అడ్డంగా కనిపిస్తుంది గానీ, చీర కట్టుకున్నాక ఒంటి మీద నిలువుగా దిగుతుంది. అంటే తాళమంతా కుచ్చిళ్ళలోకి పోతుంది. ఇది నష్టం అనుకోకు, నా దృష్టిలో ఈ చీరలో అందమంతా అక్కడే ఉంది. ఒక ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు, ఏడు అక్షరాలు, అంటే మూడున్నర అంగుళాలు. మడత కూడా సరిగ్గా మూడున్నర అంగుళాలే పెడితే ఒక మడతకి ఒక ఆవర్తనం. పిల్ల నిలబడి ఉన్నప్పుడు ఏమీ తెలియదు. మోకాళ్ళు వంచి అరమండిలో కూర్చోగానే ముందు కుట్టిన మడతల విసనకర్ర విచ్చుకుని ఏడేసి అక్షరాలు వరసగా బయటపడతాయి. ఒడిస్సీలో చౌక భంగిమలోనూ అంతే. అన్నట్టు ఆ పక్క త్రిపట తాళానికీ ఏడు మాత్రలే, కాబట్టి రెండు నాట్యాలకీ ఒక్క చీర పనికొస్తుంది.

కాబట్టి నేత ఆయన దగ్గరికి మళ్ళీ వెళ్ళేముందు ఈ చీరని డ్రెస్సుగా కుట్టే టైలరు దగ్గరికి వెళ్ళండి. విసనకర్రకి చీరలో ఏ భాగం కోస్తాడు, కొంగా, లోపలి చెరగా? మడత ఎంత పెడతాడు? చాలామంది టైలర్లు కొంగు కోసి విసనకర్ర కుడతారు. అలాంటప్పుడు చీర ఒంట్లో మిశ్రచాపు నేయించి, కొంగులో పెద్ద పెద్ద బుటాలు పెట్టించారనుకో, తాళం వెనక్కి పోయి బుటాలు ముందుకొస్తాయి. ఇంత కష్టమూ దండగ. టైలరు ఇచ్చిన మడత కొలతని బట్టే అక్షరం వెడల్పు నిర్ణయించాలి. ఆయన మూడంగుళాల మడతే వస్తుందంటే అక్షరాన్ని తగ్గించండి, తాళాన్ని తగ్గించకండి.

రంగుల సంగతి అడిగావు. నా మాట వింటే ఒకటే రంగు. ఎరుపయితే నూలూ ఎరుపే, పట్టూ ఎరుపే. ఎరుపూ పచ్చా పెడితే చార దూరం నుంచే అరుస్తుంది, పిల్ల కదిలినా కదలకపోయినా ఒకేలా ఉంటుంది. ఒకే రంగులో నూలు వెలుతురుని మింగేస్తుంది, పట్టు తిప్పికొడుతుంది. చార కనిపించాలంటే పిల్ల కదలాలి, దీపం దాని మీద పడాలి. తాళం చీరలో ఉండాలని కదా అది కోరింది! పొందూరు నూలు వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వి, చేత్తో వడికింది. దాంట్లో ఆ చిన్న చిన్న ఎగుడుదిగుళ్ళే పట్టు పక్కన బాగుంటాయి. ఒక్క జాగ్రత్త: పట్టూ నూలూ ఒకే తొట్టిలో ముంచితే ఒకే రంగు తేలవు. రెంటికీ విడివిడిగా అద్దకం వేయించి, ఆరాక ఎండలో పక్కపక్కన పెట్టి చూడాలి. కొట్టులో ట్యూబులైటు కింద చూసి సరే అనకండి.

సమం, అంటే ఆవర్తనం మొదలయ్యే దెబ్బ, ఎక్కడుందో తెలియడానికి తకిట మొదట్లో రెండు పేకలు జరీ వేయించు. ఇందాక సన్నచార ఆనదన్నాను గానీ జరీ సంగతి వేరు, దీపానికి మెరుస్తుంది. అంతకు మించి జరీ వద్దు.

కొంగుకి ఒక మాట. సంగీతం వాళ్ళు చెప్పే యతులు, లయ పెరిగే తరిగే తీరులు, ఉన్నాయి కదా, అవి నేతగాళ్ళ కోసమే పెట్టారా అనిపిస్తుంది నాకు. గోపుచ్ఛ యతి ఆవు తోకలా వెడల్పుగా మొదలై సన్నబడుతుంది. స్రోతోవహ ఏరులా సన్నగా మొదలై వెడల్పవుతుంది. మృదంగ యతికి నడుమ లావు, డమరు యతికి నడుమ సన్నం. నేనైతే కొంగులో గోపుచ్ఛ వేయిస్తాను: ఒంటి దగ్గర ఏడు అక్షరాల పట్టు, తర్వాత అయిదు, నాలుగు, మూడు, చివర రెండు, మధ్యమధ్య సమానంగా నూలు. కొంగు కొసకి వచ్చేసరికి లయ బిగుస్తుంది, జతిని ముగించే తీర్మానం ముందు నట్టువాంగం తాళాలు బిగిసినట్టు. డమరు యతి చూడ్డానికి బావుంటుంది గానీ, కొంగు మడిచి పిన్ను పెట్టగానే నడుమ మాయమైపోతుంది. వద్దు.

ఇలా పేకలోనే చారలు వేస్తే పడుగు మొత్తం పట్టే ఉంటుంది, అతుకు గొడవ లేదు. కానీ నూలు చిలపల్ని ముందే నీళ్ళల్లో నానబెట్టి, ఆరబెట్టి, అప్పుడు కండెలు చుట్టమని చెప్పడం మరిచిపోకు. లేకపోతే మొదటి తడికే నూలు చార లోపలికి లాక్కుని, పట్టు చార బయటికి పొడుచుకొచ్చి, అంచంతా అలలు అలలుగా తేలుతుంది.

ప్రశ్న: అత్తా, మాది బరంపురం దగ్గర పల్లె. తాతల నాటి నుంచి పట్టు నేతే. నేను కొత్తగా ఒంటికి నూలు, రెండు అంచులకీ పట్టు పెట్టి, మగ్గం మీదే అంచునీ ఒంటినీ పెనవేసే కుట్టు నేత మొదలుపెట్టాను. అంచులో గుడి గోపురాల్లాంటి మన ఫోడా కుంభమే వేస్తున్నాను. మగ్గం మీద ఉన్నంతసేపూ బల్లలా చదునుగా ఉంటుంది. దించి మడత పెట్టేసరికి అంచు వెంబడి ముడతలు. షావుకారు తిప్పి పంపేస్తున్నాడు. (ఒక నేత కుర్రాడు, గంజాం జిల్లా)

జవాబు: నూలు పడుగూ పట్టు పడుగూ ఒకే బీముకి చుట్టావు కదూ? చూడకుండానే చెప్పగలను. పట్టు సాగుతుంది, గంజి పెట్టిన నూలు అంత సాగదు. రెంటినీ ఒకే బిగువు మీద లాగి నేస్తే, దించగానే పట్టు తన పొడవుకి తను వెనక్కి పోతుంది, పక్కనున్న నూలు ఎక్కడికి పోతుంది? ముడత పడుతుంది. ఒంటికి ఒక బీము, అంచులకి వేరే. అంచు పడుగుకి విడిగా బరువు కట్టు, ఇటుక ముక్కయినా సరే. నేస్తున్నప్పుడు అంచు ఒంటి కన్నా బిర్రుగా అనిపించకూడదు. వేలితో రెండు చోట్లా మీటి చూడు, తెలిసిపోతుంది.

రెండోది, పేక పోగుని అటూ ఇటూ తీసుకెళ్ళే మూడు నాడెలు కలిసే చోటు. ఒంటి నాడె వచ్చి అంచు నాడె పోగుని చుట్టుకుని వెనక్కి తిరుగుతుంది కదా, అక్కడ పోగుని బిగించి లాగే అలవాటు పట్టు నేతవాళ్ళకి ఎక్కువ. బిగిస్తే గీత అందంగా వస్తుందని మన నమ్మకం. నూలు పక్కన అది పనికిరాదు. కొంచెం వదులు విడిచి, దువ్వెనలాంటి ఆ పన్నెతో కొట్టు, దెబ్బకి అదే సర్దుకుంటుంది. గద్వాలలో కుట్టు నేతకి అవతలి పక్క సాయం ఒకళ్ళు కూర్చుంటారు. ఇద్దరి చెయ్యీ ఒకేలా లేకపోతే ఎడమ అంచు ఒకలా, కుడి అంచు ఒకలా వస్తుంది. నువ్వు ముడతలున్న చీర ఒకటి పరిచి చూసుకో. ఒక అంచుకే ముడతలెక్కువగా ఉంటే తప్పు బీముది కాదు, చేతిది.

కొంగుకి కూడా పూర్తి పట్టు పెట్టాలనుకుంటే మాత్రం పని పెద్దదే. పడుగే మార్చాలి. మన జిల్లాలోని బొంకాయి నేతలో కొంగు దగ్గర ఒంటి పడుగు పోగుల్ని తెంచి, వేరే రంగు పోగులు ముడివేసే పద్ధతి ఉంది. దూరం పోనక్కర్లేదు, అది తెలిసిన పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు, దగ్గర కూర్చుని నేర్చుకో. నూలు కొసకి పట్టు కొస ముడివేస్తే జారుతుంది, ముడి వేశాక మెలి తిప్పి కొద్దిగా గంజి రాయాలి.

నువ్వు రాయకపోయినా ఒకటి అడుగుతున్నాను. నేసేటప్పుడు ఫోనులో పాటలు పెట్టుకుంటావా? మా ఊరి అమ్మవారి ఠాకురాణీ యాత్ర రోజుల్లో డప్పులు మా వీధిలోకి రాగానే మా మామగారు నాడె కింద పెట్టేసి గుమ్మంలోకి వచ్చి నించునేవారు. భక్తి అనుకునేదాన్ని. "భక్తీ ఉందిలే, కానీ ఆ దరువు చెవినబడితే పన్నె దెబ్బ దాని వెంట పోతుంది, ఆ అంగుళంలో పేకలు పెరుగుతాయి" అనేవారు. మన దేరా నేతవాళ్ళ వీధుల్లో పెద్దవాళ్ళకి ఇది కొత్త సంగతి కాదు. తొక్కుడు, నాడె, పన్నె దెబ్బ, ఈ మూడింటికీ ఒక నడక ఉంటుంది, చీర మొదట ఏది పట్టుకున్నావో చివరిదాకా అదే ఉండాలి. అంతా ఒకే రకం పోగుతో నేసిన చీరలో తేడా కనపడదు. నూలూ పట్టూ పక్కపక్కన ఉన్నప్పుడు ప్రతి తేడా కనపడుతుంది. పాటలు కావాలంటే కండెలు చుట్టేటప్పుడు పెట్టుకో.

ప్రశ్న: అమ్మా, నేను పర్లాకిమిడిలో నాట్యం చెబుతాను. కూచిపూడి జతుల్ని, "తకధిమి తకఝణు" లాంటివాటిని, తెలుగు అక్షరాల్లోనే చీర చెరగంతా నేయించవచ్చా? అద్దకపు నేతలోనా, బుటాలాగానా?

జవాబు: నేయించవచ్చు. బట్టలో అక్షరాలు ఈ నేలకి కొత్త కాదు, జయదేవుడి గీతగోవిందం పంక్తులు నేసిన ఖండువా పట్టు పూరీ జగన్నాథుడికే కడతారు. అది పోగు మీద ముడులు కట్టి రంగు అద్దే నేత. అయితే మన తెలుగు అక్షరాల గుండ్రాలు, తలకట్లు, వత్తులు ఆ పద్ధతిలో చిన్న సైజులో తీస్తే రంగు పక్కకి పాకి "ధి"కీ "థి"కీ తేడా పోతుంది. మీ శిష్యులే చదవలేరు. అరచేయంత అక్షరమైతే అద్దకం, అంతకన్నా చిన్నదైతే అదనపు పేకతో బుటాలాగా. రెండోది ఎంచుకుంటే చీర వెనక పోగులు వేలాడకుండా ఉండేలా చూసుకోండి, ఆడేటప్పుడు పట్టీలకీ గజ్జెలకీ తగులుకుంటాయి.

చెరగంతా మాత్రం వద్దనిపిస్తుంది. కొంగు మీద ఒక్క తీర్మానం, మూడుసార్లు, మూడు వరసల్లో. మూడోది సమం మీద వచ్చి ఆగేలా చివరి అక్షరం ఒక్కటి పట్టులో, మిగతావి నూలులో. అంతే చాలు. ఇంకొకటి, జతులైతే ఫర్వాలేదు గానీ అష్టపది గానీ తరంగం గానీ కుచ్చిళ్ళలోకి పోనివ్వకండి. కాళ్ళ దగ్గర దేవుడి పేరు ఉంటే మీ ఊళ్ళో పెద్దవాళ్ళు నాట్యం చూడరు, చీరే చూస్తారు.

ప్రశ్న: మా అన్నయ్య పెళ్ళికి వదినకి నూలూ పట్టూ కలిపిన చీర తెస్తే, "అతుకుల చీర పెళ్ళికేమిటి, అశుభం" అని మా పెద్దమ్మ గొడవ పెట్టింది. నిజమేనా? (జయపురం)

జవాబు: చిరిగిన బట్టకి అతుకు వేయడం వేరు, మగ్గం మీద పోగు పోగూ పెనవేసి కలపడం వేరు. మీ పెద్దమ్మగారి చేత అంచు దగ్గర వేలితో తడిమించండి, కుట్టు ఎక్కడుందో చూపించమనండి. గద్వాల చీరంటేనే ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు, తెలుగువాళ్ళ పెళ్ళిపందిట్లో అది కట్టని ముత్తయిదువు ఉండదు. ఆ గద్వాల నుంచే ఏటా తిరుమల వెంకన్నకి ఏరువాడ జోడు పంచెలు వెళ్తాయి. అలాంటి ఊరి నేత మీ వదినకి పనికిరాకుండా పోతుందా? అయినా పెద్దమ్మ వినకపోతే పెట్టుబడి చీర వేరే తెచ్చి, ఇది తలంబ్రాల తర్వాత కట్టించండి. పెళ్ళివారింట్లో నేత గురించి నెగ్గాలని ఎవరూ కూర్చోకూడదు.

ప్రశ్న: సంతలో "సగం పట్టు, సగం నూలు, చేనేత" అని చవగ్గా అమ్ముతున్నారు. పట్టవునో కాదో ఇంట్లో ఎలా తెలుస్తుంది? (గుణుపురం)

జవాబు: కొంగు చివర వేలాడే పోగులు రెండు తెంపండి, మెరిసేది ఒకటి, మెరవనిది ఒకటి. పట్టుకారతో పట్టుకుని విడివిడిగా కాల్చండి. పట్టయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, మసి వేళ్ళతో నలిపితే పొడవుతుంది. నూలయితే కాగితం కాలిన వాసన, బూడిద. కరిగి గట్టి పూసలా అయితే అది పాలిస్టరు. మెరిసేది కూడా కాగితంలానే కాలిందంటే అది కృత్రిమ సిల్కో, మెరుపు తెప్పించిన నూలో, పట్టు మాత్రం కాదు. చేనేతా కాదా అన్నది నిప్పుతో తెలియదు. చీర వెనక్కి తిప్పి చూడండి, చేత్తో వేసిన బుటా దగ్గర పోగు కొసలు ఒక తీరున ఉండవు.

దసలి (టస్సర్) పట్టు మెరవలేదని నకిలీ అనుకోకండి. మద్ది చెట్ల మీద పెరిగిన పురుగుది అది, దాని రంగూ తీరూ అంతే. నిజానికి మెరిసే పట్టు పక్కన దసలి వేసి నేస్తే నూలు కలిపినంత తేడా కనిపిస్తుంది, ముడతల గొడవ కూడా తక్కువ. ఈ మధ్య నన్నడిగే పిల్లలకి అదే చెబుతున్నాను.

ప్రశ్న: ప్రదర్శన అయ్యాక నూలూ పట్టూ కలిసిన నాట్యం చీర ఉతకాలా, డ్రైక్లీనింగుకి ఇవ్వాలా? (ఒక విద్యార్థిని, కొరాపుట్)

జవాబు: మొదటిసారి డ్రైక్లీనింగుకే ఇవ్వు. ప్రతి ప్రదర్శనకీ ఇవ్వక్కర్లేదు. విప్పగానే మడిచి సంచిలో కుక్కకు, అదే పెద్ద పాపం. చెమట పట్టుని తినేస్తుంది, జరీని నల్లబరుస్తుంది. ఆ రాత్రికే తిరగేసి నీడలో ఆరెయ్యి. చంకల దగ్గర, నడుం దగ్గర తడిగుడ్డతో అద్దు, రుద్దకు. సెంటు చీర మీద కొట్టకు, ఒంటికి రాసుకుని ఆరాక కట్టుకో. ఇస్త్రీ చేసేటప్పుడు పట్టు చారకి తగిన వేడే పెట్టి, పైన పల్చటి నూలుగుడ్డ వేసి చెయ్యి. నూలు చార కొంచెం నలిగి ఉంటే ఉండనీ. నెలకోసారి మడతలు మార్చి, పాత పంచెగుడ్డలో చుట్టి పెట్టు. కలరా ఉండలు జరీకి తగలనివ్వకు.